పొద్దున్నే చూడాల్సిన ప్రెషర్

కారు గ్యారేజీకి వచ్చిందంటే ఇప్పుడు మొదట తెరిచేది బానెట్ కాదు, డ్రైవరు తలుపు. మెకానిక్కు స్టీరింగు కిందికి వంగి, అక్కడున్న 16 పిన్నుల సాకెట్లో స్కానరు గుచ్చుతాడు. తెర మీద ఒక కోడు వస్తుంది, పని అక్కణ్ణుంచి మొదలవుతుంది. అమెరికాలో 1996 మోడళ్ళతో తప్పనిసరైన ఈ పద్ధతి తర్వాత యూరప్‌కూ, ఆపైన మనకూ వచ్చింది. అది వచ్చాక గ్యారేజీ గోడకు వేలాడే సరంజామా ఒకటి ఎవరూ గమనించకుండానే మాయమైంది. గుండ్రటి ప్రెషర్ గేజి, దానికి రెండు గొట్టాలు, ఒక గొట్టం దారిలో తిప్పి మూసే చిన్న వాల్వు. 1970ల్లో, 80ల్లో జర్మనీ, స్వీడన్ కార్లు చూసే షెడ్డులో ఈ గేజి లేదంటే ఆ షెడ్డుకు పెట్రోలు ఇంజెక్షన్ పని చేతకాదనే లెక్క. ఇవాళ దాన్ని చూసిన కుర్రాడు ఏసీ గ్యాసు గేజి అనుకుంటే తప్పు పట్టలేం.

పోయిన పనుల గురించి మాట్లాడేటప్పుడు మనకో అలవాటు ఉంది. పాత మెకానిక్కు చెవి ఒగ్గి వింటే చాలు జబ్బు చెప్పేసేవాడనీ, ఆ విద్య ఇప్పుడెవరికీ లేదనీ నిట్టూరుస్తాం. కార్బురేటరు కాలానికి ఆ మాట కొంత నప్పుతుంది. పాత స్పోర్ట్స్ కార్లలోకి వచ్చిన ఫ్యూయల్ ఇంజెక్షన్‌కు బొత్తిగా నప్పదు. ఆ కార్ల దగ్గర చెవిని మాత్రమే నమ్ముకున్నవాడు దారి తప్పేవాడు. పని నడిపించింది వరస. ఏది ముందు చూడాలి, ఏది తేలేదాకా దేన్ని ముట్టుకోకూడదు అన్న కట్టుబాటు. పోయిందని విచారించాల్సి వస్తే విచారించాల్సింది దాని గురించే. ఎందుకో చెప్పడానికి ఒక్క కారు చాలు, పోర్షె 911 ఎస్‌సి.

1978 మోడలు నుంచి 1983 దాకా వచ్చిన ఈ కారులో మూడు లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజను వెనక ఉంటుంది. రేడియేటరు లేదు, గాలితోనే చల్లబడుతుంది. ఇంజెక్షన్ బాష్ కంపెనీది, పేరు కె-జెట్రానిక్. 1973లో 911తోనే రోడ్డెక్కిన ఈ ఏర్పాటు ఆ తర్వాత గోల్ఫ్ జీటీఐ, వోల్వో, మెర్సిడెస్, ఫెరారీ 308, డిలోరియన్ లాంటి ఎన్నో కార్లలోకి పాకింది. మొదట వచ్చిన రూపంలో దీనికి కంప్యూటరనేది లేదు. ఇంజను పీల్చే గాలి దారిలో గుండ్రటి రేకు పళ్ళెం ఒకటి ఉంటుంది. గాలి ఎంత పోతే అది అంత పైకి లేస్తుంది. పళ్ళెం లేస్తే దాని లివరు ఒక ప్లంజరును పైకి తోస్తుంది. ప్లంజరు లేచినకొద్దీ బ్యారెల్ గోడలోని సన్నటి చీలికలు తెరుచుకుని ఆరు పైపుల్లోకి పెట్రోలు ఎక్కువ పోతుంది. ఈ ప్లంజరూ బ్యారెలూ ఉన్న భాగాన్నే ఫ్యూయల్ డిస్ట్రిబ్యూటరు అంటారు. ఇంజెక్టర్లకు కరెంటు వైర్లుండవు. మూడు బార్ల చిల్లర ప్రెషర్ తగిలేసరికి వాటంతటవే తెరుచుకుని, ఇంజను తిరిగినంతసేపూ ఆగకుండా చిమ్ముతాయి. పళ్ళెం ఇష్టమొచ్చినట్టు ఎగరకుండా ప్లంజరు నెత్తిమీద కూడా పెట్రోలు ప్రెషరే కూర్చుంటుంది. దీన్ని కంట్రోల్ ప్రెషర్ అంటారు. ఇంజను చల్లగా ఉన్నప్పుడు ఇది తక్కువుండాలి, అప్పుడే పళ్ళెం తేలిగ్గా లేచి పెట్రోలు దండిగా పోతుంది. ఇంజను వేడెక్కినకొద్దీ ఇదీ పెరగాలి. ఈ తగ్గింపూ పెంపూ చూసుకునేది వార్మప్ రెగ్యులేటరు. దాని లోపల రెండు లోహాల పట్టీ, దానికి కరెంటు హీటరు. అంతే యంత్రం.

ఇందులో ఏ భాగమూ నా జబ్బు ఇదని చెప్పదు. చలి పొద్దున కారు స్టార్టు కాకపోతే కంట్రోల్ ప్రెషర్ ఎక్కువై ఉండొచ్చు, చల్లటి ఇంజనుకు అదనంగా పెట్రోలు చిమ్మే వాల్వు పని చేయకపోయి ఉండొచ్చు, ఎక్కడో రబ్బరు తొడుగు పగిలి గాలి దొంగదారిన లోపలికి పోతూ ఉండొచ్చు, ప్లంజరే బిగుసుకుపోయి ఉండొచ్చు. స్పార్కు ప్లగ్గులు పాడైనా లక్షణం అదే. సెల్ఫ్ కొట్టినప్పుడు చెవికి వినిపించేది అన్నిటికీ ఒకటే చప్పుడు. అందుకే గేజి కావాల్సి వచ్చింది.

*

కంట్రోల్ ప్రెషర్ చల్లటి ఇంజను మీదే చూడాలి, చల్లటి ఇంజను రోజుకు ఒక్కసారే దొరుకుతుంది. కాబట్టి కారు ముందు రాత్రే షెడ్డులో పడుకోవాలి. పొద్దున ఎవరూ తాళం తిప్పకూడదు. పక్కకు జరపడానికి ఎవరైనా ఒక్క నిమిషం స్టార్టు చేశారా, ఆ రోజు పని పోయినట్టే. మళ్ళీ మర్నాటి పొద్దు కోసం ఆగాలి. గేజిని డిస్ట్రిబ్యూటరుకూ వార్మప్ రెగ్యులేటరుకూ మధ్య బిగిస్తారు. రెగ్యులేటరు హీటరు వైరు పీకేస్తారు, లేకపోతే కరెంటు అందిన క్షణం నుంచే అది వేడెక్కడం మొదలెడుతుంది. పంపు రిలే తీసి అక్కడో వైరు ముక్కతో కలిపితే, ఇంజను తిరక్కుండానే పంపు గుర్రుమంటుంది. గొట్టాల్లోని గాలి బుడగలు పోయేదాకా గేజిని కిందకు వేలాడదీసి వాల్వు తెరిచి మూస్తారు. అప్పుడు సూది ఒకచోట నిలబడుతుంది. పక్కన థర్మామీటరు ఉండాలి. ఎందుకంటే ఎంత ఉండాలన్నది ఆ పూట చలిని బట్టి మారుతుంది, రెగ్యులేటరు నంబరును బట్టి కూడా మారుతుంది. పుస్తకంలో దానికో గ్రాఫు ఉంటుంది, రెండు ఏటవాలు గీతలు, వాటి మధ్య పట్టీ. సూది చెప్పిన అంకె ఆ పట్టీలో పడిందా లేదా, అంతే ప్రశ్న.

వాల్వు మూస్తే గేజి మొత్తం సిస్టమ్ ప్రెషర్ చూపిస్తుంది. అది నాలుగున్నర నుంచి అయిదు బార్ల పైచిలుకు దాకా ఉండాలి. అది తక్కువుంటే పంపునో ఫిల్టరునో అనుమానించాలి, రెగ్యులేటరు జోలికి పోకూడదు. సిస్టమ్ ప్రెషర్ సరిగ్గా ఉందని తేలాకే కంట్రోల్ ప్రెషర్ అంకెకు విలువ వస్తుంది. తర్వాత హీటరు వైరు తిరిగి తగిలిస్తారు. ఇక చేసే పనేమీ ఉండదు, చూడ్డమే. సూది కనపడీ కనపడనట్టు పైకి పాకుతుంది. కొన్ని నిమిషాల్లో మూడున్నర బార్ల దరిదాపులకు చేరి ఆగాలి. పాకకుండా కిందే ఉండిపోతే హీటరు పని చేయడం లేదన్నమాట. అలాంటి కారు వేడెక్కాక కూడా పెట్రోలు అతిగా తాగి నల్లపొగ వదులుతుంది. పొగ చూసి ఇంజెక్టర్లు మార్చిన షెడ్లు ఉండేవి, అసలు తప్పు హీటరు వైరు ప్లగ్గు పిన్నులో ఉండగా.

చివర్లో పంపు ఆపేసి మళ్ళీ చూడాలి. వేడి ఇంజను ఆపాక కూడా పైపుల్లో కాస్త ప్రెషర్ నిలిచి ఉండాలి, లేకపోతే ఆ వేడికి పెట్రోలు ఆవిరై బుడగలు కడుతుంది. పెట్రోలు బంకులో ఆపి పది నిమిషాల తర్వాత తాళం తిప్పితే కారు మొరాయించడం ఇందువల్లే. ఇరవై నిమిషాల తర్వాత కూడా సూది ఒక బారుకు పైన ఉంటే బాగున్నట్టు. ఉండకపోతే మూడు అనుమానాలు. పంపు మూతిలోని చెక్ వాల్వు, ప్రెషర్‌ను దాచిపెట్టే అక్యుములేటరు, కారే ఇంజెక్టరు. గొట్టాల్ని ఒక్కొక్కటే మూసి, సూది ఎక్కడ పడటం ఆగిందో చూస్తే ముగ్గురిలో దొంగ దొరుకుతాడు. వేడిలో స్టార్టు కాదన్న ఒక్క ఫిర్యాదుకు ఇంత తతంగం. తొందరున్న మెకానిక్కు ముగ్గురినీ మార్చేసేవాడు, బిల్లు చూసి కారు యజమాని లబోదిబోమనేవాడు.

ఇంజెక్టర్ల పరీక్ష మాత్రం చూడముచ్చటగా ఉండేది. ఆరింటినీ పైపులు ఊడదీయకుండా ఇంజనులోంచి పీకి, ఆరు గాజు సీసాల్లోకి దించేవారు. పంపు వేసి, గాలి దారిలోని పళ్ళేన్ని అయస్కాంతంతోనో వేలితోనో కొంచెం ఎత్తితే ఆరు ముక్కులూ ఒక్కసారి కీచుమని అరిచేవి. లోపల సూదులు సెకనుకు ఎన్నోసార్లు కొట్టుకోవడం వల్ల వచ్చే శబ్దమది. చిమ్మే తుంపర గరాటు ఆకారంలో సన్నగా విచ్చుకోవాలి. ఒకటి ధారగా కారినా, పళ్ళెం వదిలాక ఒకదాని మూతికి చుక్క వేలాడినా దాన్ని పక్కన పెట్టాల్సిందే. కొంతసేపయ్యాక సీసాల్ని వరసగా నిలబెట్టి మట్టాలు పోల్చి చూసేవారు. తక్కువున్న సీసాలోని ఇంజెక్టరును పక్క పైపుకు మార్చి మళ్ళీ చిమ్మిస్తే తప్పు ఇంజెక్టరుదా, డిస్ట్రిబ్యూటరుదా అన్నది తేలిపోతుంది. చెవికి ఆ కీచు శబ్దం ఒక సూచన ఇస్తుంది, నిజమే. తీర్పు చెప్పేది మాత్రం సీసా. పక్కన ఎవరూ సిగరెట్టు వెలిగించకుండా ఉంటేనే ఇదంతా. షెడ్డులో తెరిచిపెట్టిన సీసాల్లో పెట్రోలు, నాలుగైదు బార్ల ప్రెషర్‌లో పైపులు. ఈ భాగం పోయినందుకు నాకేమీ దిగుల్లేదు.

*

ఇంత కట్టుదిట్టంగా ఆ రోజుల్లో ఎవరు చేశారని ఎవరైనా అడగొచ్చు. న్యాయమైన ప్రశ్న. కె-జెట్రానిక్‌కు చెడ్డపేరు వచ్చిందే చేయనివాళ్ళ వల్ల. పళ్ళేనికీ డిస్ట్రిబ్యూటరుకూ మధ్య ఒక సన్నటి కన్నం ఉంటుంది. అందులోంచి పొడుగాటి 3 మిల్లీమీటర్ల అలెన్ కీ దించితే మిక్చరు స్క్రూ తగులుతుంది. కుడికి తిప్పితే పెట్రోలు పెరుగుతుంది, ఎడమకు తిప్పితే తగ్గుతుంది. తిప్పేది ఎంతంటే, కీ కదిలిందా లేదా అన్నంత. తిప్పడం తేలిక, ఫలితం వెంటనే కనపడుతుంది, పైగా కారు కాసేపు బాగా నడుస్తుంది కూడా. ఎక్కడో రబ్బరు పగిలి గాలి లీకవుతుంటే, పెట్రోలు పెంచి ఆ లోటు కప్పిపుచ్చొచ్చు. ఆ తర్వాత వచ్చిన మెకానిక్కు రబ్బరు తొడుగు మారిస్తే కారు నల్లపొగ కక్కుతుంది, అతనూ స్క్రూ తిప్పుతాడు. ఇలా నాలుగు చేతులు మారిన కారులో ఏ అంకె దేనివల్ల వచ్చిందో ఎవరికీ తెలియని స్థితి వచ్చేది.

నా వాదనకు ఇది ఎదురు సాక్ష్యంలా కనపడుతుంది గానీ, నిజానికి వత్తాసు సాక్ష్యం. వరస తప్పినవాడికి ఆ యంత్రం శిక్ష వేసేది, ఆ శిక్ష అందరికీ కనపడేది. చల్లటి ఇంజనులో మిక్చరు పలచబడి ఎదురు పేలితే 911లో ప్లాస్టిక్ ఎయిర్‌బాక్సు నిలువునా పగిలేది. దాన్ని మార్చడమంటే ఇంజను మీదున్న సగం సామాను విప్పడమే. దానికి విరుగుడుగా ఎయిర్‌బాక్సుకు కన్నం చేసి అతికించే స్ప్రింగు మూతలు అమ్మకానికొచ్చాయి. పేలినప్పుడు మూత లేచి ప్రెషర్ బయటికి పోతుంది, బాక్సు బతుకుతుంది. తెలివైన అతుకే, చాలా కార్లను కాపాడింది. కానీ పేలుడు ఎందుకొస్తోందన్న ప్రశ్నకు అది జవాబు కాదు. ఆ మూత సరిగ్గా కూర్చోకపోతే అదే కొత్త గాలి లీకు.

గాలి లీకు పట్టడానికి ఆ కారులో ఒక చక్కటి చిట్కా ఉండేది. 911లో ఇంజను ఆయిలు విడి ట్యాంకులో ఉంటుంది, దాని ఊపిరి గొట్టం గాలి దారిలో కలుస్తుంది. ఇంజను నెమ్మదిగా తిరుగుతుండగా ఆయిలు ట్యాంకు మూత తీస్తే పళ్ళేన్ని తప్పించుకుని గాలి లోపలికి దూరుతుంది. కాబట్టి ఇంజను తడబడాలి, ఆగిపోయేంత పని కావాలి. మూత తీసినా ఇంజను ఏమీ ఎరగనట్టు తిరిగిందంటే ఇప్పటికే మరో చోట లీకుందనో, మిక్చరు తప్పుందనో గట్టి అనుమానం. పైసా ఖర్చు లేని పరీక్ష. దీనికి స్క్రూ కన్నా ముందే చోటుంది. వాల్వు గ్యాపులు, కంప్రెషన్, ఇగ్నిషన్ టైమింగు, ప్లగ్గులు ఇంకా ముందు. ఆ తర్వాత గాలి లీకులు, ఆ తర్వాత ప్రెషర్లు, అన్నీ తేలాక చిట్టచివర సైలెన్సరులో పొగ కొలిచే మీటరు పెట్టి స్క్రూ. 1969 నుంచి 911 ఇ, ఎస్ మోడళ్ళలో వచ్చిన మెకానికల్ ఇంజెక్షన్ పంపు కోసం పోర్షె కంపెనీ ఇచ్చిన చిన్న పుస్తకం కూడా ఇదే పాఠం చెప్పింది. ఇంజను బాగుందని తేల్చుకోకుండా పంపు జోలికి పోవద్దన్నది అందులో మొదటి సూత్రం.

*

మన దగ్గర 911లు రోడ్ల మీద తిరిగింది తక్కువ. పెట్రోలు కార్లలో మనం కార్బురేటరు నుంచి ఒక్క గెంతుతో కంప్యూటరుకు చేరాం. 2000 ప్రాంతంలో మారుతీల వెనక ఎంపీఎఫ్ఐ అని స్టిక్కర్లు మెరిశాయి, జెట్టులు ఊది శుభ్రం చేసే పని అంతటితో సరి. అయినా ఈ మధ్య దశ మనకు బొత్తిగా తెలియనిది కాదు. విజయవాడ ఆటోనగర్‌లో, హైదరాబాదు లారీ అడ్డాల చుట్టూ డీజిలు పంపుల షాపులు ఇదే బడిలో చదువుకున్నాయి. మన లారీలకు పంపులూ నాజిళ్ళూ చేసిన మైకో, బాష్ వాళ్ళ బెంగళూరు కంపెనీయే. ఆ షాపులో నాజిల్ టెస్టరు ఉంటుంది. చేత్తో లివరు కొడితే గేజి లేస్తుంది, నాజిలు టక్కున తెరుచుకునే అంకె దగ్గర చూపు నిలపాలి, తుంపర చూడాలి, మూతికి చుక్క నిలిచిందేమో చూడాలి. పంపును కాలిబ్రేషన్ బెంచీకెక్కించి తిప్పితే వరస గాజు గొట్టాల్లోకి డీజిలు పడుతుంది. మట్టాలన్నీ సమానం కావాలి. స్టుట్‌గార్ట్‌లో తయారైన పోర్షె కారుకూ సరుకు లారీకీ మధ్య ఇంత దగ్గరి చుట్టరికం ఉందంటే వింతగా అనిపిస్తుంది గానీ, 1969 నాటి 911 పంపు డీజిలు పంపుల కుటుంబంలోదే.

ఆ షాపుల్లో కూడా చెవి విద్య ఉండేది. లారీ ఇంజను తిరుగుతుండగా ఒక్కో నాజిలు పైపు నట్టు వదులు చేసి, ఏది వదిలితే ఇంజను చప్పుడు మారలేదో ఆ సిలిండరు పని చేయడం లేదని చెప్పేవారు. అయితే అక్కడితో ఆగేవారు కాదు. చెవి సిలిండరు నంబరు చెప్పాక, తప్పు నాజిలుదా పంపుదా అన్నది బెంచీయే తేల్చాలి. కామన్ రెయిల్ ఇంజన్లు వచ్చాక ఆ నట్టు వదలడం ప్రాణాంతకం. అక్కడ ప్రెషర్ వెయ్యి బార్లు దాటిపోతుంది, ఆ ధార చర్మం కోసుకుని లోపలికి పోతుంది.

*

అసలైన అభ్యంతరం వేరే ఉంది. స్కానరు కూడా అంకెలే చూపిస్తుంది కదా, తెలివైన మెకానిక్కు కోడు దగ్గర ఆగకుండా ఆ అంకెల్ని పట్టుకుని ఇదే వరసలో ఆలోచించగలడు కదా, పోయిందేమిటి? ఆలోచించగలడు, మంచివాళ్ళు ఆలోచిస్తూనే ఉన్నారు. కంప్యూటరు పెట్రోలును ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో చూసి గాలి లీకును కూర్చున్న చోటనుంచే పసిగట్టడం గొప్ప సౌకర్యం. కానీ ఆ అంకెకూ గేజి అంకెకూ తేడా ఉంది. గేజి చూపించేది జరుగుతున్నది. స్కానరు చూపించే దాంట్లో చాలా భాగం కంప్యూటరు అప్పటికే సర్దుబాటు చేసేసిన సంగతి. ఆక్సిజన్ సెన్సరు ఉన్న ఇంజను తన లోపాన్ని తానే కప్పుకుంటూ పోతుంది, కప్పుకోవడానికి చోటు అయిపోయినప్పుడు మాత్రమే లైటు వెలిగిస్తుంది. పాత కె-జెట్రానిక్‌కు ఆ దాపరికం చేతకాదు. ఏ చిన్న లోపమైనా ఆ రోజే నడకలో తేలేది.

దీనికి సాక్ష్యం 911 ఎస్‌సి చరిత్రలోనే ఉంది. 1980 మోడలు నుంచి అమెరికాకు పంపిన కార్లలో బాష్ వాళ్ళు ఆక్సిజన్ సెన్సరు, చిన్న ఎలక్ట్రానిక్ పెట్టె, బుర్రుమని మోగే ఫ్రీక్వెన్సీ వాల్వు కలిపారు. ఆ కారు మిక్చరు సరిచేసేటప్పుడు తెలిసిన మెకానిక్కు చేసే మొదటి పని సెన్సరు వైరు పీకేయడం. దిద్దుబాటు ఆగిపోయాక అసలు మిక్చరు ఎలా ఉందో చూసి, దాన్ని సరిచేసి, అప్పుడు వైరు తగిలించేవాడు. సెన్సరు తగిలించే ఉంచి స్క్రూ తిప్పితే యంత్రం ఎదురు దిద్దుకుంటూ పోతుంది, మనిషి తిప్పుతూ పోతాడు. 1984లో కారెరా 3.2తో మోట్రానిక్ అనే కంప్యూటరు ఇంజెక్షన్ వచ్చేసరికి మామూలు 911లో ఆ పళ్ళెం, ఆ ప్లంజరు సెలవు తీసుకున్నాయి. టర్బో మోడళ్ళు మాత్రం 1990ల తొలి ఏళ్ళ దాకా వాటినే పట్టుకు వేలాడాయి.

లాభం ఎటుందో లెక్క వేస్తే మొహమాటం అక్కర్లేదు. మోట్రానిక్ కారు చలిలో మొరాయించదు, పెట్రోలు తక్కువ తాగుతుంది, సైలెన్సరు వెనక నిలబడ్డవాడికి కళ్ళు మండవు. రాత్రంతా కారు షెడ్డులో వదిలి, పొద్దున సూది చూడ్డానికి డబ్బు కట్టే ఓపిక ఆఫీసుకు పోవాల్సిన మనిషికి ఉండదు, ఉండాలని అడగడం కూడా తప్పు. అమెరికా డీలర్ల వర్క్‌షాపుల్లో మెకానిక్కుకు కూలి పని లెక్కన కడతారు. ఈ పనికి ఇన్ని గంటలని పుస్తకంలో రాసిందే గిట్టుబాటు. సూది పాకేదాకా కాచుకున్న సమయం అందులో సరిగ్గా ఇమడదు, పాత రోజుల్లోనూ ఇమడలేదు. వరస పాటించినవాడు చాలాసార్లు తన జేబులోంచే పాటించాడు.

ఇప్పుడు ఈ కార్ల ధరలు పెరిగిపోయాయి, ఓపిక ఉన్నవాళ్ళు మళ్ళీ పుట్టుకొచ్చారు. వార్మప్ రెగ్యులేటర్లు విప్పి బాగుచేసి పంపే షాపులు అమెరికాలోనూ యూరప్‌లోనూ ఉన్నాయి. కొత్త చిక్కు పెట్రోలులోని ఇథనాల్. అది నీటిని పీల్చుకుంటుంది. కారు నెలల తరబడి కదలకపోతే డిస్ట్రిబ్యూటరు లోపల తుప్పు పుట్టి ప్లంజరు బ్యారెల్లోనే పట్టేస్తుంది. పళ్ళేన్ని వేలితో ఎత్తి వదిలితే అది ఎక్కడా అంటుకోకుండా తిరిగి రావాలి, మధ్యలో గరుకు తగిలితే విషయం అర్థమైనట్టే. అందుకని చాలామంది ఈ మొత్తం సరంజామా పీకేసి కొత్త ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ బిగించుకుంటున్నారు. రోజూ నడిపేవాళ్ళకు అది సబబైన నిర్ణయమే. కాకపోతే ఆ సలహా ఎక్కువగా వినిపించేది గేజి ఒక్కసారీ పెట్టి చూడని కార్లకు. కంప్రెషన్ పోయిన సిలిండరు, గ్యాపు తప్పిన వాల్వు, చిట్లిన ఇగ్నిషన్ డిస్ట్రిబ్యూటరు క్యాపు ఉన్న ఇంజనుకు వేల డాలర్ల కంప్యూటరు తగిలిస్తే, ఆ జబ్బులన్నీ పాత ఇంజెక్షన్‌తో పాటు పోవు. కొత్త ఇంజెక్షన్ ఖాతాలోకి మారతాయి.